పంజరాలు మోసేవాడు మాట్లాడకూడదు

గొర్రెల డేరాకీ కేకుల పోటీ బల్లలకీ మధ్య
మాది రేకుల షెడ్డు.
అడుగు పెట్టగానే ముందు వాసన:
కొర్రలు, తడిసిన రంపపుపొట్టు,
కోట్లమీద ఇంకా ఆరని వేల్స్ వాన.
ఆ తరవాతే పాట.

నూట పన్నెండు పంజరాలు.
అన్నిటికీ ఒకటే కొలత, బయట నలుపు, లోపల తెలుపు.
పేరుండదు, ఊరుండదు, అంకె ఉంటుంది.
ఎవరి పిట్టో జడ్జికి తెలియకూడదని నియమం.
తెలిసినవాడు నోరు విప్పకూడదని ఇంకో నియమం.
ఆ తెలిసినవాణ్ణి నేను.
పద్దెనిమిదేళ్ళుగా, ఆగస్టు రెండో శనివారం,
తెల్ల కోటు తొడుక్కుని
బల్లమీద పెడతాను, బల్లమీంచి తీస్తాను.

ఏటా ఎవరో ఒక పిల్లాడు, ఐస్‌క్రీం కారుతున్న చేత్తో,
తలుపు తీస్తే ఎగిరిపోతాయా అని అడుగుతాడు.
ఒక ఏడాది తీశాం, పొరపాటున.
రెండు రోజులు దూలం మీద కూర్చుని
ఆకలేసి తనే దిగొచ్చింది.
దాన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలీదు.
పిల్లాడికి రుమాలిస్తాను.

ఈసారి జడ్జి పార్జిటర్, సరిహద్దు అవతలివాడు.
చేతిలో సన్నటి పుల్ల.
సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు
ఒక్కో ఈకా చూస్తాడు.
బడ్జీ గొంతుకింద చుక్కలు ఆరే ఉండాలి.
ఏడోది పుడితే ముందురాత్రే
పట్టకారుతో పీకేసి ఉంటారు.
ఆయనకు తెలుసు. తెలిసే మెచ్చుకుంటాడు.

నలభై ఏడు.
పిడికి రాగితీగ చుట్టు.
ఆ చుట్టు నాకు తెలుసు.
టుడ్వల్ నా ఎదుటే చుట్టి, పళ్ళతో తెంపి,
రంగేస్తే కనపడదులే అన్నాడు.
కనపడుతోంది.
టుడ్వల్ మార్చిలో పోయాడు.
గొర్రెలు ఈనే రోజులు,
సమాధి దగ్గరికి సగంమంది రబ్బరు బూట్లతోనే వచ్చారు.

మరి దీన్ని ఎవరు తెచ్చారు?

తాడు అవతల, జనం వెనక జనంలో,
మెరెరిడ్.
పెళ్ళాం కాఫీ కన్నా పిట్ట నీళ్ళే ముందు నీకని
ముప్పై ఏళ్ళు సణిగిన మనిషి.
చేతిసంచి గుండెకదుముకుని
నావైపు తప్ప అన్ని వైపులా చూస్తోంది.

పసుపు కెనరీ. తలంటు కుదర్లేదు.
ఎడమ రెక్క కింద సబ్బు మిగిలి
ఈకలు అట్టకట్టాయి.
కొత్త చెయ్యి. భయపడుతూ పట్టుకున్న చెయ్యి.

పార్జిటర్ కమ్మీమీద తట్టాడు.
పిట్ట ముడుచుకుపోయింది.
మళ్ళీ తట్టాడు.
నా చేతులు జానెడు దూరంలో.
టుడ్వల్ అయితే నాలిక అంగిటికి తగిలించి
ట్లొక్ మనేవాడు, గడియ పడ్డట్టు.
అది నాకూ వచ్చు.
పళ్ళు బిగించుకుని నిలబడ్డాను.

తాడు అవతల ఎవరో దగ్గారు.
ఆ దగ్గు చాటున, సన్నగా,
ట్లొక్.

పిట్ట నిటారుగా లేచింది.
కొత్త కొయ్యమీదికి దూకి
మెడ సాచి చూసింది, ఒకే ఒక్క వైపు.
పార్జిటర్ పుల్ల గాల్లో ఆగింది.
విన్నాడా? విన్నాడనే అనుకుంటాను.
కళ్ళజోడు తుడుచుకుని, చాలాసేపు తుడుచుకుని,
ఏదో రాసుకున్నాడు.

మూడో బహుమతి. పసుపురంగు చీటీ.

సాయంత్రం షెడ్డు ఖాళీ అవుతుంటే వచ్చింది.
"మూడోదా? మంచిదే.
మొదటిదైతే వచ్చే ఏడు మళ్ళీ రావాల్సొచ్చేది."
పంజరం మీద అతని పాత మఫ్లరు కప్పింది,
గాలాడేందుకు ఒక మూల మడిచింది.
కారు దాకా వెళ్ళి, వెనక్కొచ్చింది.

"సబ్బు పోవాలంటే ఎన్ని నీళ్ళు పొయ్యాలి?"

కోటు అప్పటికే విప్పేశాను.
మూడు, అన్నాను.
చివరిది గోరువెచ్చగా.